ఎడమ చెంప మీద చుక్క

2015 ఏప్రిల్ 9, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. మన్నెగూడ చౌరస్తా దాటాక సాగర్ రోడ్డు పక్కన ఆగి ఉన్న కారులో మత్తయి చనిపోయి కనిపించాడు. కణతలో ఒక తూటా. ఇంజన్ ఆన్‌లో ఉంది.

మత్తయి ఇబ్రహీంపట్నంలోని ఒక గేమ్ ఆర్ట్ స్టూడియోలో రీటచ్ ఆర్టిస్టు. ఒక పాత కంప్యూటర్ గేమ్ మొబైల్‌లోకి వస్తోంది. అందులోని పాత్రల బొమ్మలకు వయసు తగ్గించడం అతని పని. ముందురోజు సాయంత్రం అతను గూఢచర్య విభాగానికి ఫోన్ చేశాడు. "ఈ మొకాలల్ల ఒకటి గేమ్‌ది కాదు. నిజం మనిషిది," అన్నాడు. ఏదో చెప్పేలోపు లైన్ తెగింది.

విభాగం ఫీల్డ్ ఆఫీసు కొంగరకలాన్‌లో ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ బోర్డు కింద నడుస్తుంది. ప్లాట్లు అడిగిన వాళ్లకు అన్నీ అమ్ముడుపోయాయని చెబుతారు. ఆ మధ్యాహ్నం ఏజెంట్ రమాకాంత్ అక్కడికి వచ్చాడు.

"ఈశాన్యం ప్లాట్ ఉందా?"

"ఉన్నది. బోరు పడలె," అంది చీఫ్ మరియ. గుర్తుమాట సరిపోయాక తలుపు గడియ పెట్టింది.

బ్రీఫింగ్ మొదలైంది.

"స్టూడియో వెనక విదేశీ ముఠా ఉన్నది. వాళ్ల మనిషి వయసు తక్కువ చెప్పి, దొంగ పాస్‌తోని డిఫెన్స్ ప్లాంట్ లోపలికి పోతడు. ఏ ప్లాంటో తెల్వదు. ఈ చుట్టుపక్కల పదకొండు ఉన్నయ్. మొకం దొరికితే అన్ని గేట్లకు పంపుత. మత్తయి కుర్చీ ఖాళీగున్నది. పోయి కూర్చో."

తెర మీద గీసే స్టైలస్ పెన్ను ఒకటి ఇచ్చింది. దాని వెనక నొక్కితే స్క్రీన్ మీది బొమ్మ విభాగానికి చేరుతుంది.

"ఇంకో మాట. స్టూడియో నడిపేది సునంద."

రమాకాంత్ స్టైలస్ కింద పెట్టాడు. రెండేళ్ల కింద ఒక మిషన్‌లో వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలుగా నటించారు. మిషన్ అయ్యాక అతను నిజంగానే ఉంగరం కొన్నాడు. ఇచ్చేలోపు విభాగం ఆమెను ముఠాలోకి పంపింది.

"మనదేనా ఇంకా?"

"నాలుగు నెలలాయె రిపోర్ట్ రాక. మనదో కాదో నువ్వే చూసి చెప్పాలె. కండ్లతోని చూడు రమాకాంత్, కడుపుమంటతోని కాదు."

"నాకేం మంట మరియక్కా."

"ఉంగరం ఇంకా జేబులనే ఉన్నదా?"

అతను స్టైలస్ తీసుకుని లేచాడు.

స్టూడియో తలుపు దగ్గర సీమోను అనే కాపలా మనిషి ఫోన్ తీసుకున్నాడు. స్టైలస్ కూడా తీసుకున్నాడు. "సొంత పెన్ను నడువది అన్నా. ఇక్కడిదే వాడాలె." రాత్రి పడకలు కూడా స్టూడియోలోనే. మత్తయి పోయాక పెట్టిన కట్టడి అది, ప్రాజెక్టు అయ్యేదాకా ఎవరూ బయటికి పోవద్దు. బొమ్మ పంపే దారి అక్కడితో మూసుకుపోయింది.

వయసు తగ్గించే పనికి ఒక వరస ఉంది. కంటి కింద సంచులు తీయాలి. ముక్కు నుంచి పెదవి దాకా దిగే గీతను పలచన చేయాలి. మెడ ముడతలు సాపు చేయాలి. జుట్టును నుదుటి మీదికి తేవాలి. చెవి తమ్మెలు కుదించాలి, వయసుతో అవి కూడా సాగుతాయి. మాంత్రికుడు, రాణి, దొంగ అన్నీ గీసిన ముఖాలు. కెప్టెన్ దగ్గర రమాకాంత్ చెయ్యి ఆగింది. కవచం గీసినదే. ముఖం ఫొటో. గడ్డం కింద షేవింగ్ గాటు ఉంది. కవచం లేయర్ తీసేస్తే మామూలు చొక్కా కనిపించింది.

సునంద అతని టేబుల్ దగ్గరికి వచ్చింది. కుర్చీని చూసినట్టు అతన్ని చూసింది.

"కొత్తగ వచ్చినవా?"

"అవ్ మేడం."

"కెప్టెన్ యాభై ఏండ్లోని లెక్క ఉన్నడు. ముప్పై ఆరుకు తేవాలె."

ఆమె వెనక నుంచి ఒకతను వచ్చాడు. స్క్రీన్ మీది ముఖం అతనిదే. ఆమె అతన్ని విక్టర్ అని పిలిచింది. విక్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చేతికి అడ్డు రాకుండా ఆమె జడ ముందుకు వేసుకుంది.

మర్నాడు ఆమె స్క్రీన్ జూమ్ చేసి చూసింది.

"ముక్కు ఎందుకు లావైంది? ఆయన మీద నీకేమన్న పగనా?"

"ఆయనకు గట్లనే ఉన్నది మేడం."

"సన్నగ చెయ్."

చేశాడు. తర్వాతి రోజుల్లో దవడ కూడా బిగించాడు, కళ్లు తేటపరిచాడు. విక్టర్ రోజూ వచ్చి ఆమె పక్కన నిలబడి చూసేవాడు. బుధవారం సాయంత్రానికి కెప్టెన్ ముప్పై ఆరేళ్ల అందగాడు అయ్యాడు. అంత చేసింది రమాకాంతే.

ఆ మిషన్ రోజుల్లో ఇల్లు దాటే ముందు సునంద అతని చెవి వెనక కాటుక చుక్క పెట్టేది. ఇప్పుడు ఎవరికి పెడుతోందో అనుకున్నాడు. బ్రష్ చిన్నది చేసి కెప్టెన్ ఎడమ చెంప మీద ఒక నల్ల చుక్క పెట్టాడు.

ఆమె వచ్చి చూసింది.

"ఈ చుక్క ఏంది?"

"దిష్టి తగులకుండ. మస్తు అందంగున్నడు గద."

"ఎవని దిష్టి?"

"నాదే."

సునంద చుక్కను జూమ్ చేసి చూసింది. అప్రూవ్ నొక్కింది. ఆమె వెళ్లాక సీమోను బయటి తలుపుకు తాళం వేసి, పిస్తోలు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"రేపు పదింటికి పని అయినంక విక్టర్ సారు ఫోన్ చేస్తడు. అందాంక కూసో."

"చేస్తే?"

"మత్తయికి అయినట్లే."

గురువారం ఉదయం ఒక రాడార్ ప్లాంట్ రెండో గేటుకు విక్టర్ పేరు మీద విజిటర్ పాస్ వచ్చింది. పాస్ మీద గుర్తింపు చిహ్నాల గడి ఖాళీగా ఉండకూడదు. పదో తరగతి మెమో నాటి నుంచి ఇక్కడ ప్రతి మనిషికీ ఒక పుట్టుమచ్చ రాసి ఉంటుంది. ఎల్లా అనే పాస్ సెక్షన్ గుమస్తా, పాస్ కోసం వచ్చిన కెప్టెన్ ఫొటో చూసి, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని రాశాడు.

పాస్ చేతికి వచ్చాకే విక్టర్ ఆ మాట చూశాడు. అప్పటికి కారు గేటు ముందుంది. డ్రైవర్ ఇస్తారి తర్వాత ఇచ్చిన వాంగ్మూలం ఇది: "సారు గరమైండు. మేడం ఇంగ్లీషుల ఏదో అన్నది. బ్యాగు తీసి ఆయన చెంప మీద చుక్క పెట్టింది. అంతకు జర ముందుగల్ల తలనొస్తున్నదని ఏసీ బంద్ చేపిచ్చింది."

గేటు దగ్గర లైను ఎండలో ఉంది. తొమ్మిదిన్నరకు విక్టర్ కార్డు గీశాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. కడ్డీ సగం తిరిగింది.

"ఆగు సార్," అంది గార్డు భూలక్ష్మి. పాస్ చూసింది, ముఖం చూసింది. "నీ మచ్చ నడుస్తున్నది."

చుక్క దవడ దాకా దిగింది. ఆమె వేలితో తాకితే వేలు నల్లబడింది. విక్టర్ ముందుకు తోశాడు. ఆమె పెడల్ తొక్కి కడ్డీ బిగించింది. అతని వాచీలో పెన్ డ్రైవ్ దొరికింది. రాడార్లను గుడ్డివి చేసే ప్రోగ్రామ్ అందులో ఉంది.

పది గంటలకు స్టూడియోలో ఫోన్ మోగింది. విక్టర్ నంబరే. సీమోను పిస్తోలు రమాకాంత్ వైపు తిప్పి ఫోన్ ఎత్తాడు.

"సీమోనూ," అంది మరియ. "కిటికీల నుంచి కిందికి చూడు."

కింద మూడు పోలీసు జీపులు ఉన్నాయి. సీమోను పిస్తోలు టేబుల్ మీద పెట్టాడు.

సునంద గేటు బయట కారులోనే దొరికింది. విచారణకు తీసుకుపోయారు. సాయంత్రం కొంగరకలాన్ ఆఫీసులో రమాకాంత్ అడిగాడు.

"మనదేనా అక్కా?"

"నోరు తెరుస్తలేదు. బ్యాగు ఒక్కటే తెచ్చిన."

మరియ హ్యాండ్‌బ్యాగ్‌ను టేబుల్ మీద బోర్లించింది. కాటుక డబ్బీ దొర్లి అతని ముందు ఆగింది. మూత సరిగా పెట్టి లేదు. దాని వెనక ఒక నల్ల ఐబ్రో పెన్సిల్ వచ్చింది. తడికి, చెమటకు చెరగదని దాని మీద అచ్చు వేసి ఉంది. పెన్సిల్ సీలు తీయలేదు.