ఎన్నేళ్ళు వాడతారు?

"ఎన్నేళ్ళు వాడతారు మేడం?"

ల్యాప్‌టాప్ అమ్మేవాళ్ళు ఎవరైనా అడిగే ప్రశ్నే. సుగన్య మాత్రం జవాబు చెప్పలేక, కౌంటర్ మీదున్న రెండు ల్యాప్‌టాప్‌ల వంక మార్చి మార్చి చూసింది. ఒకటి మామూలు రకం, పలుచగా తేలిగ్గా ఉంది. రెండోది ప్రో. బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే.

తమిళనాడులోని ధర్మపురి బస్టాండు దగ్గరి షోరూము అది. బయట వాన. అమ్మే అబ్బాయి చొక్కా మీద గోకుల్ అని పేరుంది. నవ్వితే బాగుంటాడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

"మామూలుది నాలుగేళ్ళు వస్తుంది. ప్రో అయితే ఎనిమిదేళ్ళు నిశ్చింత. మీ వయసుకు ప్రోనే కరెక్ట్" అన్నాడు తమిళంలో.

మీ వయసుకు! సుగన్యకు ఇరవై నాలుగు. రెండేళ్ళ కిందట ఆమె కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి మూడు రోజులు మారండహళ్ళి నుంచి బస్సెక్కి ఇక్కడి ఆస్పత్రికి వచ్చి, డయాలసిస్ మంచం మీద పడుకుంటుంది. అమ్మ మారమ్మ తన కిడ్నీ ఇస్తానంది. షుగరుందని డాక్టర్లు వద్దన్నారు. ఇక దాత కోసం ఎదురుచూడడమే. ఆ మంచాల మీద ఎనిమిదేళ్ళ మాట ఎవరూ ఎత్తరు.

"నాకు నాలుగేళ్ళు చాలు అన్నా."

అన్నా అనగానే గోకుల్ మొహం చిన్నబోయింది. అయినా పట్టు వదల్లేదు. "పోనీ మూడేళ్ళ ఎక్స్‌ట్రా వారంటీ?"

"అది అసలే వద్దు."

"ప్రోను ఒకసారి పట్టుకొని చూడండి, మీరే మనసు మార్చుకుంటారు" అంటూ దాన్ని తీసి ఆమె ఎడమ చేతిలో పెట్టేశాడు.

సుగన్య ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకుంది. జారిపోతున్న ల్యాప్‌టాప్‌ను గోకుల్ కౌంటర్ అంచున ఒడిసి పట్టుకున్నాడు.

"కొనకపోతే మానండి, పడేస్తారెందుకు?" అతని గొంతు లేచింది.

పక్కనే ఉన్న మారమ్మ కంగారులో తమిళం మరిచిపోయింది. "ఆ చెయ్యి బరువు మొయ్యగూడదు నాయనా! డయాలసిస్ సూదులు పొడిచే చెయ్యది" అని ఇంట్లో మాట్లాడే తెలుగులోనే అంటూ కూతురి చొక్కా చెయ్యి పైకి జరిపింది. మోచేతి కింద నరం తాడులా ఉబ్బి ఉంది.

గోకుల్ ల్యాప్‌టాప్ పక్కన పెట్టేశాడు. "తెలీకుండా చేసినానమ్మా" అన్నాడు తెలుగులోనే. "మాది కారిమంగళం. మేమూ తెలుగోళ్ళమే."

సుగన్య అతని కళ్ళలో జాలి చూసింది. అరిస్తే అయినా ఓర్చుకునేది, జాలి మాత్రం ఆమెకు గిట్టదు.

"పోదాం రా అమ్మా" అని గొడుగు కూడా తెరవకుండా వానలోకి నడిచింది.

ల్యాప్‌టాప్ ఆమెకు సరదా కాదు. ఆ చుట్టుపక్కల మనిషి పోతే, శవం లేచేలోగా వీధి మొగలో కన్నీటి అంజలి ఫ్లెక్సు లేవాల్సిందే. వాటిని డిజైన్ చేయడమే సుగన్య పని. ల్యాప్‌టాప్ ఉంటే ఆస్పత్రి మంచం మీద నుంచే చేయొచ్చని ఆమె పనిచేసే ఫ్లెక్సు అంగడి ఓనర్ గోవిందరాజ్ ఒప్పుకున్నాడు.

పోయిన వారం పక్క మంచం దొరైసామి పోయాడు. "పాపా, నా ఫ్లెక్సులో నాకు మంచి చొక్కా తొడుగు" అని వార్డంతా నవ్వించేవాడు. ఇంటివాళ్ళు పంపిన ఫోటోలో బనియనుతో ఉన్నాడు. సుగన్యే కంప్యూటర్‌లో గళ్ళ చొక్కా తొడిగింది. తొడుగుతూ, తనకు ఎవరు తొడుగుతారో అనుకుని భయపడింది.

మరుసటి డయాలసిస్ నాడు ఆమె కళ్ళు తెరిచేసరికి, మంచం పక్కన స్టూలు మీద గోకుల్! ఒళ్ళో రెండు డెమో ల్యాప్‌టాప్‌లు.

"డయాలసిస్ ఆస్పత్రులన్నీ వెతికినాను. మీ అమ్మే లోపలికి పొమ్మనింది" అన్నాడు ముందుగానే.

"జాలితో వచ్చినారా?"

"కోపంతో వచ్చినాను. మూడు రోజులుగా నామీద నాకే కోపం. కుడి చేత్తో రెండూ వాడి చూడండి."

వాడి చూసింది. ఎడమ చెయ్యి కదలకుండా, ఒంటి చేత్తోనే ఒక ఫ్లెక్సు డిజైన్ పూర్తి చేసింది. ప్రోలో పని చకచకా అయింది. చిన్నదానిలో కొంచెం నిదానం, అంతే.

"చిన్నదే తీసుకోండి. మీ పనికి చాలు" అన్నాడు గోకుల్.

"మొన్న ప్రో అంటిరే?"

"మొన్న మీ చెయ్యి చూడలేదు. ప్రోనే కావాలంటే తీసుకోండి, మోసేదానికి నేనుండాను."

"వారానికి మూడుసార్లు మారండహళ్ళి బస్సులో వస్తారా అన్నా?"

"వస్తాను. మీరు అన్నా అనేది మానేస్తే."

సుగన్యకు నవ్వాగలేదు. చెయ్యి కదిలి మెషీన్ కుయ్ కుయ్‌మంది. నర్సు వచ్చి ఇద్దరినీ కలిపి తిట్టి పోయింది.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. దొరైసామి మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

"మా అంగడికి పెండ్లాలు పోయిన మొగుళ్ళు వస్తారు" అంది మెల్లగా. "ఫోన్లో పెండ్లాం ఫోటో చూపించి, పక్కనుండే నన్ను తీసేయండి, ఆమెను మాత్రం ఉంచండి అంటారు. నేనే కత్తిరిస్తాను. మీరట్లా వచ్చి నిలబడేది నాకు వద్దు గోకుల్."

పేరు పెట్టి పిలిచిందని ఆమెకు తర్వాత గాని తెలియలేదు. అతను మాత్రం విన్నాడు. స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"నిలబడతాను" అన్నాడు. "నాకూ భయమే. అయినా మీరు ఒంటరిగా భయపడేదాని కంటే, ఇద్దరం భయపడేది మేలు. ఎన్నేళ్ళని మాత్రం ఇంక అడగను."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. మెషీన్ ఆగేదాకా అతను అక్కడే కూర్చున్నాడు.

తర్వాతి వారం తల్లీ కూతుళ్ళు షోరూముకు వచ్చారు. ఆనాటిలాగే వాన.

"చిన్నది ఇవ్వండి" అంది సుగన్య. "నా బరువు నేనే మోసుకుంటాను."

గోకుల్ తలవంచుకుని బిల్లు వేయబోయాడు.

"ఆగండి. ఆ మూడేళ్ళ వారంటీ ఉందే, అది కూడా వేయండి."

అతను తలెత్తాడు. సుగన్య ఎడమ చెయ్యి కౌంటర్ మీద పెట్టింది. "పట్టుకొని చూడండి. బరువు పెట్టకుండా."

గోకుల్ రెండు వేళ్ళు ఉబ్బిన నరం మీద ఆనించాడు. లోపల నెత్తురు జుమ్మంటోంది.

"రోజూ పొద్దున్నే ఇట్లా తాకి చూసుకుంటాను. జుమ్మంటే ఆ పొద్దుకు బాగుండాను అని" అంది సుగన్య. "ఇంక మీరూ చూడండి."

అతని కళ్ళు నిండాయి. మారమ్మ వాన చూస్తున్నట్టు అటు తిరిగి, కూతురితో అంది: "ఆదివారం మనింట్లో సంగటి తినేదానికి రమ్మను పాపా."

"వింటిరి కదా" అంది సుగన్య. "ఇది పాతబడినాక ప్రో కొంటాను. అప్పుడు మోసేది మీరే."