రావులకొండ పెరతేనె

పూర్వం సింగారికోన రాజ్యాన్ని ఒక రక్కసి శాపం పట్టుకుంది. పెద్దవాళ్లంతా పాదాల నుంచి మొదలై రోజుకింత చొప్పున రాయైపోసాగారు. రాజుగారు సింహాసనం దిగలేకపోయారు. రైతులు నాగళ్ల వెనకే నిలిచిపోయారు. పిల్లలు మాత్రం మిగిలారు.

"రావులకొండ చరియన వేలాడే పెరతేనె, ఆ పెద్ద పట్టులోని తేనె, పండాక తెచ్చి నాలుక మీద వేస్తే రాయి కరుగుతుంది. నుదురు దాటితే మాత్రం ఏ మందూ పనిచేయదు," అని ఒక ముని చెప్పాడు.

ఆ కొండ చరియ దిగి తేనె తీయగలిగేది అంకమ్మ ఒక్కతే. ఆమెకు అప్పటికే, అందరికంటే ముందుగా, నడుం దాకా రాయి. కూతురు గవిరి తాడూ కొడవలీ అందుకుంది.

"తొందరపడకే తల్లీ," అంది అంకమ్మ. "మైనం మూత పడని గదుల్లో తేనె పచ్చిది. ముప్పాతిక పట్టుకు మూతలు పడ్డాకే కొడవలి పెట్టు. ఒక్క కోత పడిందా, తేనెటీగలు లేచిపోతాయి. మిగిలింది ఇంక పండదు."

అడవిలో ఒక ఎలుగుబంటి అడ్డం నిలిచి, రెండు తేనెపట్టు ముక్కలు ముందు పెట్టింది. "ఏది పండిందో చెప్పు. తప్పితే తినేస్తాను."

గవిరి రెండూ వంచి చూసింది. ఒకటి నీళ్లలా కారింది. "ఇది పచ్చిది మామా, రెండోదే పండింది," అంది. ఎలుగు ఆమెను వీపున ఎక్కించుకుని వాగు దాటించింది.

గవిరి తాడు పట్టుకుని చరియ దిగింది. పట్టు మీద ఒక్క మూలే మూతలు పడ్డాయి. అంతలో పైన రక్కసి కూర్చుని నవ్వింది.

"ఆ మూల ముక్క మీ అమ్మకు చాలు. రాయి ఆమె మెడ దాకా వచ్చిందే పిల్లా!" అని అరచేతిలో అంకమ్మ రూపాన్ని చూపించింది. అది అబద్ధం కాదని గవిరికి తెలుస్తూనే ఉంది.

కొడవలి పైకి లేచింది. అప్పుడు పొరుగింటి చిట్టెమ్మ గుర్తుకొచ్చింది. మోకాళ్ల దాకా రాయైన నాన్న వేలు పట్టుకుని, ఆ పసిది తిండి మాని కూర్చుంది. గవిరి కొడవలి దించి, తాడుకు వేలాడుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది. ఈగలు రెక్కలాడిస్తూ తేనెలో నీరు ఆరబెడుతూనే ఉన్నాయి.

మూడోరోజు మధ్యాహ్నానికి ముప్పాతిక పట్టు మైనం మూతలతో తెల్లబడింది. గవిరి కోసింది. ఎర పారని రక్కసి ఆ కోతతోనే బూడిదై రాలిపోయింది, కానీ పట్టిన రాయి మాత్రం వదల్లేదు.

కుండ ఎత్తుకుని పరుగున ఇంటికి వచ్చి, అమ్మ పెదవుల మీద తేనె వేసింది. అది గడ్డం మీదుగా జారిపోయింది. రాయి ఆ ఉదయమే నుదురు దాటింది.

"అమ్మా, ఒక్క పూట ఆగలేకపోయావా!" అని రాతి మెడను కావలించుకుంది. చాలాసేపటికి లేచి, ముఖం తుడుచుకుని, చిట్టెమ్మ ఇంటికి నడిచింది. అక్కడి నుంచి గడప గడపకూ తిరిగింది. తెల్లవారేసరికి ఊరంతా కదిలింది. అక్కడి నుంచి తేనె కోటకూ, మిగతా ఊళ్లకూ చేరింది.

రాయి కరిగి సింహాసనం దిగిన రాజు, పిల్లలు లేనివాడు, ఆమె ముందు చేతులు జోడించాడు. "నా రాజ్యం నీది తల్లీ."

గవిరి రాణి అయింది. చాలా ఏళ్లు చల్లగా పాలించింది. కోటలోకి కొత్త తేనె వచ్చిన రోజు మాత్రం భోజనాల పంక్తిలో ఆమె పీట ఖాళీగా ఉండేది. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.