పంటి మీద పాట

ల్యాబ్‌లో అందరూ ఆమెను చాటుగా మాస్కు మేడమ్ అంటారు. వేల ఏళ్ల నాటి ఎముకల్లోంచి జన్యువులు తీసి, మన పూర్వీకులు ఎటు నుంచి ఎటు నడిచారో తేల్చడం ఆమె పని. మాస్కు లేకుండా ఎవరు గుమ్మంలోకి తొంగిచూసినా ఊరుకోదు.

అలాంటిది, గుహలో దొరికిన ఒక స్త్రీ పన్నును నెలల తరబడి కళ్లలో వత్తులేసుకుని పరీక్షిస్తే, అందులో ఇప్పటి మగవాడి జన్యువులు బయటపడ్డాయి. దాన్ని ముట్టుకున్న వాళ్లందరి బుగ్గల్లోంచీ నమూనా తీయాల్సి వచ్చింది.

చివరగా మ్యూజియంలో ఎముకల గది చూసుకునే యువకుడు వచ్చి, బుద్ధిగా నోరు తెరిచాడు. దూదిపుల్ల తిప్పుతున్నంతసేపూ రెప్పవేయకుండా ఆమెనే చూశాడు. బయట వాన మొదలైంది. ఎన్నడూ లేనిది ఆమె ఆ పుల్లను ఒక తిప్పు ఎక్కువే తిప్పింది.

ఫలితం వచ్చింది. దొంగ అతనే. ఆమె అతన్ని పిలిపించింది.

"ఆ పన్ను దగ్గర ఏం చేశారసలు?"

"పాడానండీ," అన్నాడతను తలవంచుకుని. "ఇన్నేళ్లూ చీకట్లో ఒక్కతే పడుందిగదా అనిపించి..."

ఆమెకు నవ్వు రాబోయింది కానీ, కోపమే ముందొచ్చింది. అతని నోటి తుంపర్లతో తన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరయిందని నోటికొచ్చినట్టు తిట్టింది. అతను తలెత్తకుండానే, ఆ రోజూ కురుస్తున్న వానలోకి వెళ్లిపోయాడు.

తర్వాత అతను కనిపించలేదు. పారేయాల్సిన ఆ ఫలితాన్ని ఆమె మాత్రం ఊరికే తెరిచి చూసుకునేది. అతని తల్లుల తల్లులు సముద్రపు ఒడ్డు వెంబడి నడిచొచ్చారట. ఏ వానలో తడిశారో, ఏ నిప్పు దగ్గర ఆరారో అనుకుంటూ కిటికీ వైపు చూస్తూ ఉండిపోయేది.

ఒక మధ్యాహ్నం, నిలువెల్లా తెల్లని సూటు, ముఖానికి మాస్కు మీద మాస్కుతో ఒక ఆకారం వచ్చి నిలబడింది. కళ్లు చూసి గుర్తుపట్టింది. గుహలోంచి తెచ్చిన మట్టి బస్తాలన్నీ ఇన్నాళ్లూ అతను జల్లెడ పట్టాడట. ఆ స్త్రీదే అనిపించే ఇంకో పన్ను దొరికింది.

"ఈసారి ఊపిరి కూడా బిగబట్టానండీ."

ఆ పన్ను ఫలితం రాగానే ఆమే అతనికి ఫోన్ చేసింది.

"శుభ్రంగా ఉంది. మీ జాడ ఎక్కడా లేదు."

"బాధగా ఉందా?"

ఆమె అతని పాత ఫలితాన్ని మళ్లీ తెరిచి చూసింది.

"కొంచెం," అంది.

ఆ ఆదివారం అతన్ని ఇంటికి తీసుకెళ్లి, గుమ్మంలో ఆగమని, ముందు తనొక్కతే వంటింట్లోకి వెళ్లింది. అబ్బాయి ఎవరు, ఏమిటని అమ్మ ఆరా తీసింది.

"వాళ్ల పూర్వీకులు ఎటు నుంచి వచ్చారో తెలుసమ్మా. కాఫీ తాగుతాడో, టీ తాగుతాడో మాత్రం తెలీదు."

"మరి గుమ్మంలో నిలబెట్టి నన్నడుగుతావేంటే?" అంది అమ్మ, స్టవ్ మీద గిన్నె పెడుతూ. "లోపలికి పిలిచి అతన్నే అడుగు."