ఐదు కిటికీల కవర్

పెద్ద వరదకు పాత రేవు కొట్టుకుపోయిన నాలుగో ఏడు. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు చీఫ్ ఒక గ్రామఫోన్ రికార్డు కవర్‌ను టేబుల్ మీద పెట్టాడు.

"కోడ్ లీకయింది, మూగన్నా."

మాట్లాడడం తక్కువని ఏజెంట్‌కు ఆఫీసులో పెట్టిన పేరది. అతను కవర్ వంక చూశాడు. వానలో తడుస్తున్న నీలం మేడ, ఐదు పసుపు కిటికీలు. కింది కిటికీలో కుట్టుపని చేసుకుంటున్న ముసలామె నీడ. ఎన్నిసార్లు చూసినా అతనికి తనివి తీరని బొమ్మ.

"నాలుగింటికి మన కొరియర్ లాంచీ నడుపుకుంటూ వస్తాడు. రేవు ఎదుటి రికార్డుల షాపు అద్దాల్లో ఈ బొమ్మే పెద్ద పోస్టర్. ఐదు కిటికీలూ వెలుగుతుంటే దిగుతాడు. నాలుగైతే వెనక్కి పోతాడు. ఇదంతా ఆ విదేశీ ముఠాకు తెలిసిపోయింది. రేవులో తుపాకులతో కాచుకున్నారు. పోస్టర్‌కు కాపలా ఉంది. నువ్వెళ్ళి ఒక కిటికీ ఆర్పాలి."

"యస్ సర్."

"రెండో పని. నేనూ, కొరియరూ కాక కోడ్ తెలిసింది ఇద్దరికే. నీకూ, బొమ్మ గీసినవాడికీ. నీది ఇరవయ్యేళ్ళ సర్వీసు. కాబట్టి వాడే. నీ బావమరిదని తెలుసు. అయినా తప్పదు. రేపు పొద్దున పదిలోపు వాడి పని ముగించెయ్."

నోరు విప్పాల్సింది అప్పుడే. ఏజెంట్ "యస్ సర్" అనేసి బయటపడ్డాడు.

లీకు చేసింది తనే. అచ్చుకు ముందు వచ్చిన ప్రూఫ్ మార్జిన్‌లో లాంచీ టైమూ, కిటికీల లెక్కా పెన్సిల్‌తో రాసి బావమరిదికి చూపించాడు. చూపించాక కాల్చెయ్యాలని రూలు. అగ్గిపుల్ల గీశాడు కూడా. చేతులు రాలేదు. ఇంటికి తీసుకెళ్ళి గోడకు తగిలించుకున్నాడు. ఆ రికార్డులో పాడిన గాయని ఆఫీసుకు కబుర్లు చేరవేసే మనిషి. కిందటి వారం టీకి వచ్చింది. "ఎంత బాగుందండీ!" అంటూ గోడ దగ్గరే నిలబడిపోయింది. తనే గీసినట్టు మురిసిపోయాడు.

నాలుగుకు ఐదు నిమిషాలు. దొంగ మీసం, బకెట్టు, తడిగుడ్డ. షాపులో ఆ గాయనే నల్ల కళ్ళద్దాలతో రికార్డుల మీద సంతకాలు పెడుతోంది.

"అద్దం లోపలివైపు తుడవాలమ్మా."

"తొందరగా కానీ."

లాంచీ చప్పుడు వినిపించింది. అతను అద్దానికీ పోస్టర్‌కూ మధ్య దూరాడు. చెయ్యి అందేది ముసలామె కిటికీ ఒక్కటే. బొటనవేలికి నల్ల బూట్‌పాలిష్ ఉంది. క్షణం ఆగాడు. తరవాత కళ్ళు మూసుకుని పులిమేశాడు.

పది గజాల దూరంలో లాంచీ గిరుక్కున వెనక్కి తిరిగింది.

వీపుకు పిస్తోలు ఆనింది. "మీసం ఊడిందండీ," అంది గాయని. "మీ గోడ మీద బొమ్మ చూపించారు కదా, థాంక్స్ చెప్పడం మర్చిపోయాను."

ఆఫీసు వాళ్ళిచ్చిన గ్యాస్ పెన్ను నొక్కాడు. అలవాటు ప్రకారం అది పనిచెయ్యలేదు. బకెట్టుడు నీళ్ళు ఆమె మొహాన కొట్టాడు. గుండు పైకప్పులోకి పోయింది. చీఫ్ పంపిన మఫ్టీ పోలీసులు ఆమెనూ, రేవులోని వాళ్ళనూ పట్టుకున్నారు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఏజెంట్ బావమరిది గదికి వెళ్ళాడు. అతను రంగులు కలుపుతూ మండిపడుతున్నాడు.

"నా పోస్టర్‌కి మసి పూసింది ఎవడు బావా? వాడి చెయ్యి విరగ్గొట్టాలి!"

"నేనే."

ప్రూఫ్ సంగతి, గాయని సంగతి, పది గంటల ఆర్డరు సంగతి, తను నోరు మూసుకున్న సంగతి, అన్నీ చెప్పాడు. బావమరిది కుంచె కింద పెట్టాడు.

"పదేళ్ళుగా నా బొమ్మలు తెచ్చి చూపిస్తున్నాను. ఒక్కసారి బాగుందన్నావా?"

"లేదు."

"ఇది నచ్చిందా?"

"చాలా."

"నీ చేత మెచ్చుకోలు మాట అనిపించాలంటే ప్రాణం మీదికి తెచ్చుకోవాలా బావా?"

ఏజెంట్ అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసుకు నడిచి, తొమ్మిదిన్నరకు చీఫ్ ముందు నిలబడి తన పేరు చెప్పాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో అతను పట్టిచ్చిన ఆఖరి మనిషి తనే.