ఎర్ర పీలిక

దెయ్యాలు రాత్రిపూటే వస్తాయని చెప్పినవాడెవడో గానీ, సముద్రం ఒడ్డున మిట్టమధ్యాహ్నం ఎలా ఉంటుందో వాడికి తెలీదు. నాకు జరిగింది పగలు పన్నెండు గంటలకి, నెత్తి మాడిపోయే ఎండలో. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నా తమ్ముడి మాట చెప్పకుండా నేను చావను.

అరవై ఎనిమిదో సంవత్సరం. కళింగపట్నం ఒడ్డున ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో నైలాను తాళ్ళ మీద పరిశోధన జరిగేది. అప్పటిదాకా మా పడవల్లో అన్నీ కొబ్బరి తాళ్ళూ, నార తాళ్ళే. నీళ్ళలో నాని కుళ్ళిపోయేవి. ఈ నైలాను కుళ్ళదు, పురుగు పట్టదు, పెన్సిలంత లావు తాడు పదిమందిని మోస్తుంది అనేవారు. కానీ ఎండకి ఏమవుతుందో ఎవరికీ సరిగ్గా తెలీదు. అది తేల్చడానికే నరసింగరావు గారనే సైంటిస్టు వచ్చారు. మా పేటలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని నన్ను సాయానికి పెట్టుకున్నారు.

పని తేలికే. ఒకే తాడుని రెండు చుట్టలు చేసేవాళ్ళం. ఒకటి బయట పందిరి మీద ఎండలో, ఇంకోటి కిటికీల్లేని చీకటి గదిలో. ఎండ తాడుకి ఎర్ర గుడ్డ పీలిక, నీడ తాడుకి తెల్ల పీలిక. నెలకోసారి రెంటిలోంచీ ముక్క కోసి, యంత్రానికి కట్టి, చక్రం తిప్పి తెగేదాకా లాగేవాళ్ళం. నీడ తాడు తొమ్మిదొందల కిలోలకి గానీ తెగేది కాదు. ఎండ తాడు ఏడాది తిరిగేసరికి రెండొందలకే తెగిపోయింది.

"చూశావా రాముడూ, కంటికి రెండూ ఒకలాగే ఉన్నాయి. పీలిక చూడకుండా తాడు ముట్టుకోకు" అనేవారాయన.

నేను పీలిక చూసే ముట్టుకున్నాను. అదే నా ఖర్మ.

నా తమ్ముడు లక్ష్ముడు నాకంటే ఆరేళ్ళు చిన్న. ఎడమచేతి వాటం. వాడు వేసే ముడి అందరి ముడికీ తిరగబడి ఉండేది. "ఒరే, నీ ముడి ఇప్పాలంటే మళ్ళీ నువ్వే రావాల్రా" అని పేటంతా వాణ్ణి ఏడిపించేది. సముద్రంలో వల బండకి పట్టేస్తే, నడుముకి తాడు కట్టుకుని దిగి విడిపించేది వాడే.

ఆశ్వయుజంలో ఒకనాడు షెడ్డుకి వచ్చాడు.

"అన్నా, మన తాడు కుళ్ళిపోనాది. నీ నైలాను తాడొకటి ఇయ్యవా?"

సారుని అడిగాను. పరీక్ష అయిపోయిన నీడ తాడు ఉంటే ఇమ్మన్నారు. చీకటి గదిలో తెల్ల పీలికతో ఒక చుట్ట ఉంది. పీలిక ఉన్న వైపు నాలుగు బారలు కోసి ఉంచుకుని, మిగతాది వాడికిచ్చాను.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త తాడు సముద్రం మీదకి వెళ్ళేముందు ఇచ్చేవాడు ఒక కొస, పుచ్చుకునేవాడు ఇంకో కొస పట్టుకుని మూడుసార్లు లాగాలి. పుచ్చుకునేవాడు 'సాలు' అనేదాకా ఇచ్చేవాడు కొస వదలకూడదు. మా తాత, మా అయ్య అలాగే చేశారు. వాడు కొస పట్టుకుని నిలబడ్డాడు. నేను పకపకా నవ్వాను.

"దీన్ని యంత్రం లాగీసినాదిరా! తొమ్మిదొందల కిలోలు. నీ బోడి లాగుడు ఎవుడికి కావాల?"

వాడు కొస చుట్టలో దోపి, "నువ్వు సెప్పినావు గదా అన్నా" అని తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మూడో రోజు వల బండకి పట్టింది. వాడు దిగాడు. పడవ మీద వాడి జతగాడు గంగులు తాడు పట్టుకున్నాడు. పెద్ద కెరటమొకటి పడవని పక్కకి తోసింది. తాడు పుటుక్కుమంది. తెగిన కొస గంగులు చేతికొచ్చింది. నడుముకున్న ముక్కతో సహా నా తమ్ముడు పోయాడు. పదకొండు రోజులు ఒడ్డంతా వెతికాం. దహనం చెయ్యడానికి శవమైనా దక్కలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం వాడి భార్య చిన్నతల్లి షెడ్డుకి వచ్చింది. సారు భోజనానికి వెళ్ళారు. ఆ పిల్ల ఏడవలేదు. అరుగు మీద కూర్చుంది.

"బావా, ఆ తాడు గట్టిదే అన్నావంట. మరెందుకు తెగిపోనాది?"

"తెలీదమ్మా. ఆ తాడు ముక్క నా దగ్గరున్నాది. యంత్రానికి కట్టి సూస్తాను."

"సూడు. తెలిసేదాకా నాను ఇక్కడే కూకుంటాను."

చీకటి గది గుమ్మంలో నిలబడి ఆ నాలుగు బారల తాడు తీశాను. యంత్రానికి కట్టేముందు పీలిక విప్పాలి. విప్పాను. ముడి మడతలో, ఎండ తగలని చోట, గుడ్డ ఎర్రగా ఉంది.

ఎర్రగా ఉంది...

అది ఎండ తాడు. వానాకాలంలో తడిసిపోతుందని పందిరి మీంచి దించి ఈ గదిలో పడేసింది నేనే. ఏడాది ఎండకి పీలిక రంగు వెలిసి తెల్లబడింది. ఎండ తాడుని తినేస్తుందని నెలనెలా పుస్తకంలో రాసినవాణ్ణి, పీలికని కూడా తింటుందని నాకు తోచలేదు. వాడు అడిగినట్టు ఆ మూడుసార్లూ లాగి ఉంటే, కనీసం తాడు వంక చూసేవాణ్ణేమో. నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నాను.

నా మొహం చిన్నతల్లికి చూపించలేక లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాను.

తలుపు మూస్తే ఆ గదిలో మన చెయ్యి మనకి కనపడదు. యంత్రం నూనె వాసన. రేకుల మీద గాలి చప్పుడు. తాడు ఒక కొస నా గుప్పిట్లో ఉంది, రెండో కొస నేల మీద ఎక్కడో పడి ఉంది. నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాను. ఎంతసేపో తెలీదు.

ముందు నూనె వాసన పోయింది. నాచు వాసన వచ్చింది. చల్లటి, లోతు నీళ్ళ వాసన. ఎక్కడో చుక్క పడింది. టప్... మళ్ళీ టప్...

తాడు కదిలింది.

ఎలక అనుకున్నాను. ఊపిరి బిగపట్టాను. తాడు మెల్లగా బిగుసుకుంది. ఎవరో లాగారు. ఒకసారి.

"ఎవుల్రా?"

చుక్కలు దగ్గరయ్యాయి. తాడు తడిసిపోయి నా వేళ్ళలోంచి జారుతోంది. రెండోసారి లాగారు. ఈసారి గట్టిగా, మనిషి బరువుతో...

"అన్నా..."

"పట్టుకున్నావా అన్నా?"

వాడి గొంతే. నీళ్ళు మింగుతున్న గొంతు. పట్టుకున్నాన్రా అనాలి. నోరు పెగల్లేదు. ఏదో తాడు పట్టుకుని పైకి వస్తోంది. చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ... నా వైపే... ఊపిరి నా మోకాళ్ళకి తగిలింది. మంచులా ఉంది.

"ఒగ్గీకన్నా..."

వదలొద్దన్నాడు వాడు. నేను వదిలేశాను.

ఎలా వదిలానో నన్నడక్కండి. చేతులు వాటంతటవే విడిపోయాయి. తలుపు తోసుకుని ఎండలో బోర్లా పడ్డాను.

"ఏటయినాది బావా? లోపల ఎవుల్తో మాట్టాడినావు?"

నేను చెప్పేలోపే చిన్నతల్లి గదిలోకి వెళ్ళింది. ఆ తాడుని ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. నేను పట్టుకెళ్ళింది నాలుగు బారలు. ఇప్పుడు దాని చివర ఇంకో బారెడు తాడు ముడేసి ఉంది. ఆ ముక్క కొసన ఉచ్చు, మనిషి నడుమంత. ఉచ్చు ఖాళీగా ఉంది. నీళ్ళు కారుతున్నాయి. ముడి తిరగబడి ఉంది.

ఆ పిల్ల ముడిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఉచ్చులో చెయ్యి పెట్టి తడిమింది. పీలిక సంగతీ, లోపల జరిగిందీ అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఒక్కటే అడిగింది.

"ఒగ్గీసినావా బావా?"

ఆ తర్వాత షెడ్డులో గుడ్డ పీలికలు తీసేసి, అంకెలు కొట్టిన రేకు బిళ్ళలు పెట్టారు. చిన్నతల్లి మళ్ళీ నా గడప తొక్కలేదు. తాడు మాత్రం నా దగ్గరే ఉంది. ఎన్ని ఎండల్లో ఆరేసినా ఆ ముడి ఆరలేదు. విప్పడం ఎవరి వల్లా కాలేదు.

రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఇంట్లో తలుపులన్నీ మూసి, ఆ చీకట్లో ఉచ్చుని అవతల పడేసి, ఈ కొస రెండు చేతులా పట్టుకుని కూర్చుంటాను. "పట్టుకున్నాన్రా లక్ష్ముడూ" అంటాను. అవతల్నుంచి రెండుసార్లు లాగుతాడు. ఇన్నేళ్ళలో మూడోసారి ఎప్పుడూ లాగలేదు, 'సాలు' అనలేదు.