వసపిట్ట మౌనవ్రతం

క్యాంటీన్‌లో అతను కాఫీ కప్పుతో వచ్చి ఎదురుగా కూర్చోగానే వసపిట్ట టక్కున నోరు మూసేసుకుంది.

అప్పటిదాకా పక్కనున్న పొడుగు డాక్టర్‌తో చేతులు తిప్పుకుంటూ గలగలా మాట్లాడిన మనిషే! ఆమె మొదలుపెడితే మత్తులో ఉన్న పేషెంట్లు కూడా ఊఁ కొడతారని ఆ కళ్లాసుపత్రిలో జోకు. వసపిట్ట అని ముద్దుపేరు పెట్టింది అతనే.

"ఏంటి ఆపేశారు? నేను వినకూడనిదా?"

"అబ్బే, ఏం లేదు. బయట వాన పడుతోంది," అంది కిటికీ వైపు చూస్తూ.

"అవును, పైనుంచి కిందకే పడుతోంది."

పొడుగు డాక్టర్ పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి అతనికి ఒళ్లు మండిపోయింది. ఆమె మాత్రం కాఫీ సగంలో వదిలేసి లేచిపోయింది.

అతను చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్. ఆమె కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, మార్చే సర్జన్. ఇద్దరూ ఒకే స్టడీలో ఇరుక్కున్నారు. మసకబారిన కార్నియాని మొత్తం మార్చి చుట్టూ కుట్లు వేస్తే చూపు బాగా వస్తుందా, లోపలి పలచటి పొర ఒక్కటే మార్చి గాలి బుడగతో అతికిస్తే బాగా వస్తుందా అన్నది తేల్చాలి. ఆపరేషన్ ఆమెది, తర్వాత చూపు కొలిచేది అతను. ఎవరికి ఏది చేశారో అతనికి తెలియకూడదు. తెలిస్తే తనకి నచ్చిన పద్ధతి వైపు మొగ్గుతాడని రూలు.

రూలు సరే! ఒకే గొడుగులో బస్టాపుదాకా నడవకూడదని ఏ రూలులో ఉంది? స్టడీ మొదలవకముందు రోజూ అతని గొడుగులోనేగా వచ్చేది! ఇప్పుడు దర్జాగా పొడుగాయన కారెక్కుతోంది.

"ఏంటి మరిదిగారూ, మొహం మాడ్చుకున్నారు? ఆ అమ్మాయి మాట్లాడలేదా?" అంది ఇంట్లో వదిన.

"ఎవరితోనైనా మాట్లాడుకోనీ వదినా, నాకేంటి!"

"మరి పాపం ఆ చెంచా ఏం చేసిందని అలా వంచుతున్నారు?"

మర్నాడే అతను హెడ్ దగ్గరికెళ్లి, తనని స్టడీలోంచి తప్పించమన్నాడు. ఆ సంగతి తెలియగానే చూపు పరీక్షించే గదిలోకి ఆమె సుడిగాలిలా వచ్చిపడింది.

"వెళ్లిపోతావా? కొలిచే మనిషి మధ్యలో మారితే ఇన్నాళ్ల కష్టం బూడిదపాలు!"

"మీకేం డాక్టర్ గారూ, పొడుగాయన ఉన్నారుగా."

"మధ్యలో ఆయనెందుకొచ్చాడు?"

"వచ్చాడనేగా నా బాధ! ఆయనతో గలగలా, నాతో వాన పడుతోందా? అవును, నాకు కుళ్లే. కుళ్లి చస్తున్నా. ఆ కారు కనిపిస్తే టైర్లలో గాలి తీసేయాలనిపిస్తోంది. చాలా?"

ఆమె గుడ్లప్పగించి చూసింది.

"మొద్దూ! నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలీదా? పొద్దున నీ దగ్గరికొచ్చిన టైలర్ గారికి కూడా నేను వేసిన..."

అతను చటుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు. ఎంత కోపంలో ఉన్నా ఆమె కష్టం పాడవకూడదు మరి.

ఆమె నాలుక కరుచుకుని, అతని చేతులు లాగేసింది. "చూశావా? నీ పక్కన కూర్చుంటే చాలు, కడుపులో ఉన్నదంతా కక్కేస్తాను. అందుకే పారిపోతున్నా. ఆయన ఎలాగూ ఆ ఆపరేషన్లన్నిటిలో నా పక్కనే ఉంటాడు కాబట్టి ఆయన బుర్ర తింటున్నా."

తలుపు దగ్గర పొడుగు డాక్టర్ దణ్ణం పెడుతూ నిలబడ్డాడు. "బాబూ, నీకు పుణ్యముంటుంది. ఆపరేషన్ల సంగతి పది నిమిషాలే, మిగతా దారంతా నీ గురించే. ఇంటికెళితే మా ఆవిడ, కార్లో ఈవిడ. నాకున్నవి రెండే చెవులయ్యా!" అనేసి వెళ్లిపోయాడు.

వసపిట్ట మొహం కందిపోయింది. అతని కుళ్లంతా ఎటుపోయిందో పోయింది.

"నేనెక్కడికీ వెళ్లను. హెడ్‌తో ఇప్పుడే చెప్తాను," అన్నాడు. "కానీ ఒక షరతు. స్టడీ అయ్యేదాకా మనిద్దరి మధ్య కళ్ల ఊసే రాకూడదు."

"కళ్ల ఊసెత్తకుండా ప్రేమించుకోవడం కుదురుతుందా?"

ప్రేమ అన్న మాట కూడా నోరు జారిపోయింది. ఆమె గాభరాగా తల దించుకుంది.

అతను కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె తలెత్తేదాకా ఆగాడు.

"మన కళ్లు స్టడీలో లేవుగా!"