సంచి లోపలి అర

"భుజానికి తగిలించుకుంటే ఎంత ముచ్చటగా ఉందో చూడవే!" అంటూ జైనాబ్ బీ ముదురెరుపు సంచిని కూతురికి తగిలించింది. సంచికి ఇత్తడి గొళ్ళెం, అంచు పొడుగునా పూల అల్లిక. ఫ్యాన్సీ కొట్టువాడితో గంటసేపు గీసి గీసి బేరమాడి, వాడి చేత రెండుసార్లు దండం పెట్టించుకుని తెచ్చిన సరుకు అది.

సుల్తానా అద్దం వైపైనా చూడలేదు. గూట్లోంచి బోటనీ రికార్డు తీసుకొచ్చి సంచి మూతి దగ్గర పెట్టింది. రికార్డు సగం దిగి ఆగిపోయింది.

"చూశావా? రికార్డు మడత పడితే మేడం సంతకం పెట్టదు. ఇది గాక జువాలజీ రికార్డు, డిసెక్షన్ బాక్సు, తెల్లకోటు, అన్నం డబ్బా. ఇందులో ఏం పడతయ్యమ్మా, జేబురుమాలా?"

"మరి మహారాణీగారికి ఏం గావాలంట?"

"నాన్న కొట్లో లారీ సీట్లకేసే నల్ల రెక్సిన్ ముక్కలుంటయ్యిగా. దాంతో కుట్టియ్యమను. రికార్డంత వెడల్పు, బెత్తెడు మందం, పైన మూత, రెండు బకిల్సు. వానలో తడిసినా పుస్తకాలకేం గాదు."

గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్న ఇమాం సాహెబ్ పెద్దగా నవ్వాడు. "లారీ సీటే భుజానేసుకుపోతానంటంది నీ కూతురు. కుట్టిస్తాలేమ్మా."

జైనాబ్‌కి నవ్వు రాలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల పూల సంచి వద్దని, బకిల్సు బిగించే మొరటు సంచి అడిగిందంటే అందులో ఏదో ఉందనిపించింది. ఆ వీధిలో డిగ్రీ కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల సుల్తానా. చేర్చిన రోజే జైనాబ్ తెగేసి చెప్పింది: "ఇంటికి చిన్న మాటొచ్చినా, ఏ కష్టమొచ్చినా, మొదట ఆగేది నీ కాలేజీయే. గుర్తుపెట్టుకో." చెప్పిన నాటినుంచి ఆమె చెవులు ఆ చిన్న మాట కోసమే కాచుకుని ఉన్నాయి.

ఒక పూటలో అయ్యే సంచికి ఇమాం సాహెబ్ నాలుగు రోజులు తీసుకున్నాడు. సుల్తానా రోజూ కొట్టుకి వెళ్ళి దగ్గర కూర్చుని మరీ కుట్టించుకుంది. ఇంటికి తెచ్చాక దారం కొసలు కత్తిరించింది మాత్రం జైనాబే. వినుకొండ రోడ్డులో లారీల స్టాండు పక్కన ఆయనది రేకుల కప్పు వేసిన సీట్ల కొట్టు. పగలు కుట్టిన సీటు కవర్లు సాయంత్రం సైకిలుకి కట్టుకుని ఇంటికి తెస్తాడు. ఇరవై ఏళ్ళుగా వాటి కొసలు కత్తిరించడం ఆమె పని. ఇమాం సాహెబ్ కుట్టు చివర ముడి వెయ్యడు. మూడు కుట్లు వెనక్కి వేసి ఆపుతాడు. ఆ మూడు కుట్లని కళ్ళు మూసుకుని తడిమినా జైనాబ్ గుర్తుపట్టగలదు. సంచికీ అన్నిచోట్లా అవే ఉన్నాయి. అప్పటికి ఆమె మనసు కాస్త కుదుటపడింది.

రెండు నెలలు గడిచాయి.

ఒక పొద్దున సుల్తానా నీళ్ళు పోసుకుంటుంటే, అన్నం డబ్బా సర్దుదామని జైనాబ్ సంచి మూత ఎత్తింది. పుస్తకాల వెనకవైపు గోడ మందంగా తగిలింది. తడిమి చూసింది. అక్కడో అర ఉంది. తను కొసలు కత్తిరించిన రోజున ఆ అర లేదు. మూలల దగ్గర కుట్టు చివర మూడు కుట్లు లేవు. చేత్తో బిగించిన చిన్న చిన్న ముళ్ళు ఉన్నాయి.

ఇది ఆయన చెయ్యి కాదు.

అరలో చెయ్యి పెట్టింది. చుట్టచుట్టిన ఖాకీ చొక్కా బయటికొచ్చింది. రెక్సిన్ అంటించే సొల్యూషన్ వాసన, గ్రీజు మరకలు. మగవాడి చొక్కా! జైనాబ్ గబుక్కున గుమ్మం వైపు చూసింది. చొక్కాని మోకాళ్ళ మీద పరిచి భుజం నుంచి భుజానికి జానతో కొలిచింది. ఇమాం సాహెబ్‌వి రెండు జానల నిండు భుజాలు. ఇది జానెడున్నర మీద రెండు వేళ్ళు.

'పల్చటి మనిషి. వయసులో ఉన్నవాడు' అనుకుంది. చొక్కాని ఉన్నది ఉన్నట్టు చుట్టి పెట్టేసింది. పిల్ల బయటికొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఉప్మా వడ్డిస్తోంది.

"ఇయ్యాల ఎప్పుడొస్తావే?"

"ప్రాక్టికల్సమ్మా. అయిదవుద్ది."

"నిన్నా ప్రాక్టికల్సే, మొన్నా ప్రాక్టికల్సే. మీ కాలేజీలో పాఠాలు చెప్పటం మానేసి కప్పల్ని కోసుకుంటా కూర్చున్నారా?"

సుల్తానా నవ్వింది కానీ, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. జైనాబ్ చూపు ఆమె చూపుడువేలి మీద పడింది. "ఆ గుడ్డపేలికేంది?"

"తెగిందిలే. కప్పని కోసేటప్పుడు."

"కప్ప బాగానే ఉందా?"

"అమ్మా!" అంటూ సుల్తానా సంచి భుజానేసుకుని, రెండు బకిల్సూ బిగించుకుని వెళ్ళిపోయింది. ఆ బకిల్సు టక్కు టక్కుమన్న చప్పుడు జైనాబ్ చెవుల్లో చాలాసేపు ఉండిపోయింది.

సాయంత్రం ఇమాం సాహెబ్ రిక్షాలో దిగాడు. నెలనుంచి సైకిలు కొట్లోనే ఉంటోంది. అడిగితే పంచరంటాడు. నెల రోజుల పంచరేమిటో జైనాబ్‌కి అంతుబట్టలేదు. మాచర్ల జక్కయ్య నాపరాళ్ళ లారీకి కుట్టిన కవర్ల మూట విప్పి కత్తెర తీసుకుంది. మొదటి కవరు చివర చిన్న ముడి. రెండోదానికీ ముడే. ఆరింట్లో నాలుగింటికి సంచిలో చూసిన ముళ్ళే ఉన్నాయి.

కత్తెర కింద పెట్టింది. "ఏమయ్యా, కొట్లో పనికి ఎవర్నన్నా పెట్టుకున్నావా?"

"ఎవరున్నారు? నేనే." ఆమె వైపు చూడకుండా గోడకి చెప్పాడు.

"మరి ఈ ముళ్ళేంది? నీకు అలవాటు లేదుగా."

"నైలాన్ దారం. జారిపోతంది. అందుకని ముడేస్తన్నా." లేచి పెరట్లోకి పోతూ గడప దగ్గర తట్టుకున్నాడు. తడబాటు, అబద్ధం, రెండూ ఒక్క మనిషిలో చూసింది జైనాబ్.

కొట్లో ఎవడో కుర్రాడున్నాడు. కవర్లు కుట్టేది వాడే, తన కూతురి సంచిలో అర కుట్టిందీ వాడే, ఆ చొక్కా వాడిదే. మరి ఈయనకి తెలియదా? తెలిసే ఊరుకున్నాడా? ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం పక్కింటి ఎలిజబెత్ డ్యూటీ దిగి వచ్చింది. ఆమె ఆస్పత్రిలో ఆయా. చెప్పు విడవకుండానే గోడ మీదుగా పిలిచింది.

"వొదినా, మీ సుల్తానాకి ఒంటిపూటేనా కాలేజీ?"

"ఏం?"

"ఇప్పుడే, లారీల స్టాండు వైపు పోతా కనపడింది. ఆ నల్లసంచి ఆమడ దూరాన ఉన్నా తెలుస్తదిగా. పిలిచా, వినపడనట్టే పోయింది." ఎలిజబెత్ గొంతు తగ్గించింది. "ఏమీ ఉండదులే వొదినా. నేనేమీ అనలేదు."

ఆ ఏమీ అనకపోవడమే జైనాబ్‌ని కాల్చింది. కొంగు తలమీదికి లాక్కుని, తలుపు గొళ్ళెం పెట్టి బయల్దేరింది. రైలు గేటు వేసి ఉంటే, గూడ్సు బండి పోయేదాకా నిలబడలేక అటూ ఇటూ తిరిగింది. ఇవ్వాళ్టితో కాలేజీ సరి. ఆ సంచి పొయ్యిలో పెట్టాలి. వాణ్ణి మాత్రం నలుగురిలో నిలదియ్యాలి.

కొట్టు ముందు టార్పాలిన్ పట్టా సగం దించి ఉంది. లోపల పెద్ద మిషన్ గడగడమంటోంది. దాని మీదుగా ఇమాం సాహెబ్ గొంతు వినబడింది: "నెమ్మదిగా. మలుపొచ్చింది. చక్రం చేత్తో తిప్పు, కాలు వాడమాక."

జైనాబ్ పట్టా ఎత్తింది. ఎదురుగా మేకుకి నల్లసంచి వేలాడుతోంది. మిషన్ ముందు ఖాకీ చొక్కా, తలకి తువ్వాలు చుట్టుకుని అటు తిరిగి కూర్చున్న సన్నటి కుర్రాడు.

ఒక్క అంగలో వెళ్ళి వెనకనుంచి వాడి కాలరు పట్టుకుని లేపింది. "ఎవడ్రా నువ్వు? నా బిడ్డ యాడుంది?"

తువ్వాలు జారింది. జడ జారి వీపు మీద పడింది.

"అమ్మా, నేను! కాలరొదులు, ఊపిరాడటల్లా!"

జైనాబ్ చెయ్యి కాలరు మీదే ఉండిపోయింది. ఆమెకి అర్థం కాలేదు. చొక్కా వైపు, కూతురి భుజాల వైపు చూసింది. జానెడున్నర మీద రెండు వేళ్ళు. కన్నబిడ్డ భుజాల కొలత తనకే తెలియలేదు.

"ఎవరమ్మా అది?" మూల స్టూలు మీద ఇమాం సాహెబ్ తల ఎత్తాడు. "బేరమైతే కూర్చోమను. పట్టా దించు, ఆ ఎండ కళ్ళలో పడి మనిషి ఆనటంలేదు."

నాలుగు బారల దూరం కూడా లేదు. ఇద్దరి గొంతులూ బయటి లారీ ఇంజను చప్పుడులో కలిసిపోయాయి, పెళ్ళాం మొహం ఆయనకి ఆనలేదు. జైనాబ్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయన కంటిపాపల్లో తెల్లటి పొర. రోజూ ఆ మొహం ముందే అన్నం పెట్టింది.

"నేనయ్యా" అంది.

ఇమాం సాహెబ్ ఉలిక్కిపడి లేవబోయి కూర్చున్నాడు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అదేగా నా ఏడుపు! ఎప్పటినుంచి?"

ఆయన కూతురి వైపు తల తిప్పాడు. సుల్తానాయే చెప్పింది. "నా సంచి కుట్టేటప్పుడు చూశానమ్మా. సూదిలో దారం ఎక్కియ్యటానికి నాన్నకి పావుగంట పట్టింది. మూత కింద కుట్టు గీత దాటిపోయింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. లారీలవాళ్ళకి తెలిస్తే ఎవరిస్తారు పని? అందుకని నేను నేర్చుకున్నా. ఆ అర నా మొదటి కుట్టు. లారీ కవర్ల మీద చెయ్యేసింది నిన్నే. నాన్నలాగా వెనక్కి కుట్టటం నాకింకా రాలా, అందుకే ముడేస్తన్నా. చొక్కా నాన్నే కొనిపెట్టాడు. ఇక్కడుంచితే లారీ క్లీనర్లు దానికే చేతులు తుడిచేసుకుంటన్నారు. పుస్తకాలకి గ్రీజంటకుండా విడిగా పెట్టుకున్నా."

"పాఠాలు ఎగ్గొట్టి...!"

"ఒక్కటీ ఎగ్గొట్టలా. ప్రాక్టికల్సు వారానికి రెండు రోజులే. మిగతా రోజులు మధ్యాహ్నం ఇక్కడికొస్తన్నా."

"నేనేమన్నా పరాయిదాన్నా? నాకొక్కదానికి చెప్పొచ్చుగా?"

సుల్తానా తల వంచుకుంది. మెల్లిగా అంది: "చెప్తే ఏం చేసేదానివమ్మా? కష్టమొస్తే మొదట ఆగేది కాలేజీయేనని నువ్వే అంటివిగా."

బయట ఏదో లారీ హారను మోగించుకుంటూ పోయింది. జైనాబ్ మేకు మీది సంచి దించింది. మూత ఎత్తి వెనక్కి తిప్పింది. బకిలు పట్టీ కింద కుట్టు గీత దాటి, దారి తప్పి, ఎక్కడో మళ్ళీ వచ్చి కలిసింది. మొదటిరోజు కూడా అది అక్కడే ఉంది. తను కొసలు చూసి, మూడు కుట్లు లెక్కపెట్టుకుని తృప్తి పడింది. మధ్యలో కుట్టు ఎటు పోయిందో చూడలేదు.

సంచిని గుండెకి ఆనించుకుని అక్కడే నేల మీద, రెక్సిన్ ముక్కల మధ్య కూలబడింది. "నాకు భయపడి... తండ్రీ కూతురూ నాకు భయపడి..." అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. సుల్తానా పక్కన కూర్చుని ఆమె భుజం మీద తల పెట్టింది. ఖాకీ చొక్కా సొల్యూషన్ వాసన వేసింది. నిన్న అది ఎవడి వాసనో అనుకుంది.

"ఏడుపులాపండి" అన్నాడు ఇమాం సాహెబ్, తనూ ముక్కు చీదుతూ. "జక్కయ్య లారీ నాలుగింటికొస్తది."

ఆ సాయంత్రమే ఎలిజబెత్ వచ్చి ఆయన్ని వెలుతురులో నిలబెట్టి చూసింది. "శుక్లాలన్నయ్యా. మా ఆస్పత్రిలో వారానికి పదిమంది వస్తన్నారు. గుంటూరులో ఆపరేషన్ చేస్తారు, అద్దాలిస్తారు. ఇంతకాలం దాచుకోటానికి ఇదేమన్నా దొంగసొత్తా?" అని కసిరింది. తర్వాత జైనాబ్ చెయ్యి పట్టుకుని, "నా నోరు పడిపోను, పిల్లని ఏదో అనుకున్నా" అంది.

"నువ్వు అనుకున్నది ఒక్కపూటేగా వొదినా" అంది జైనాబ్.

సోమవారం పొద్దున సుల్తానా సంచి సర్దుకుంటుంటే జైనాబ్ అరలోంచి ఖాకీ చొక్కా తీసింది. చీర మీదే తొడుక్కోబోయింది. అది మోచేతుల దగ్గరే ఇరుక్కుపోయింది. సుల్తానా పడీపడీ నవ్వింది.

"ఏం జరగతంది?" అన్నాడు గుమ్మంలోంచి ఇమాం సాహెబ్.

"నా కొలతది ఒకటి తెప్పియ్యి" అంది జైనాబ్, చొక్కాలోంచి బయటపడుతూ.

"నువ్వు మిషనెక్కుతావా?"

"ఇరవయ్యేళ్ళు కొసలు కత్తిరించా. ఇక మధ్యలో ఏముందో కూడా చూస్తా. దీన్ని పరీక్షలయ్యేదాకా ఆ కొట్టు మెట్టెక్కనియ్యను."

"ఆ మూడు కుట్లు నేర్చుకోవటానికి ఆర్నెల్లు పడతదే!"

"పట్టనీ. అప్పటికి నీ కళ్ళొస్తయ్యిగా, తప్పులు పడుదువుగాని."

సుల్తానా ఖాళీ అయిన అర వైపు చూసింది. "దీన్ని విప్పేద్దామా అమ్మా? ఇంక పనిలేదుగా."

జైనాబ్ అలవాటుగా కత్తెర తీసుకుంది. ముళ్ళ దగ్గర దారం కొసలు ఇంకా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే జాగ్రత్తగా, ముడి తెగకుండా, కొసలు మాత్రం కత్తిరించింది. తర్వాత జువాలజీ రికార్డుని ఆ అరలో నిటారుగా దోపి, మూత వేసి, బకిల్సు తనే బిగించింది.